ఒకే దిక్కు చూచు సంభాషణము

నాగరికతలు పరస్పరము మాటలాడుకొనినగాని లోకమునకు క్షేమము కలుగదని నాటి ఇరాన్ అధ్యక్షులు ఖాతమీగారు సెలవీయగా, ఐక్యరాజ్యసమితివారు ఆ హితవును శిరసావహించి 2001వ సంవత్సరమును నాగరికతల సంభాషణ వత్సరముగా ప్రకటించిరి. ఆ వత్సరము సెప్టెంబరు మాసమున న్యూయార్కు నగరమున ఏమి జరిగినదో పాఠకులెఱుగుదురు. సమితివారు అధైర్యపడలేదు, మరుసటి యేట మే 21వ తేదీని సాంస్కృతిక వైవిధ్య దినముగా నిర్ణయించి, వత్సరము చేయజాలని పనిని దినమునకు అప్పగించిరి. ఆ ఇరాన్ దేశమునుండియే ఏ తీర్మానమును, ఏ ప్రతినిధివర్గమును లేక ఎన్నడో మన భాగ్యనగరమునకు వచ్చి స్థిరపడిన చాయ్ హోటలు మాత్రము, సూర్యాపేటవానిని, శ్రీకాకుళమువానిని, బిహారు మేస్త్రీని ఒకే బల్లచుట్టు కూర్చుండబెట్టి, ఉస్మానియా బిస్కత్తు సాక్షిగా ఒకరి కష్టసుఖములు ఒకరికి వినిపించుచునే యున్నది. ఈ ముచ్చట్లకు ఏ సమితియు దినమును కేటాయింపలేదు.

సభల విషయమున భాగ్యనగరము ఎవరికిని తీసిపోదు. 2017 నవంబరు 28 మొదలు మూడు దినములు మాదాపురమున ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరుగగా అమెరికా అధ్యక్షుని కుమార్తె ఇవాంకాగారు విచ్చేసిరి. ఆనాడే ప్రధానమంత్రిగారు మియాపూరులో మెట్రో రైలును ప్రారంభించిరి. ఆ రైలు నాగోలు వఱకు వచ్చినదేగాని మా ఎల్బీనగరమునకు రాలేదు. అది మాకు దక్కినది 2018 సెప్టెంబరు 24న. అనగా లోకము మన నగరమునకు వచ్చిపోయిన పది మాసములకు గాని, దిల్‌సుఖ్‌నగర్ వాసి రైలెక్కి ఆ దిక్కునకు పోవుట సాధ్యపడలేదు.

ఆ సదస్సు అతిథులు వచ్చుటకు మూడు వారములు ముందుగా, నగరమున భిక్షాటనము నిషిద్ధమని పోలీసువారు 144వ సెక్షను క్రింద ఆజ్ఞ వెలువరించి, దానికి 2018 జనవరి 7 వఱకు గడువిచ్చిరి. పట్టుబడినవారిని చంచల్‌గూడ, చర్లపల్లి కారాగారముల ప్రాంగణములందలి ఆశ్రమములకు తరలించిరి. యాచకుని జాడ తెలిపినవారికి ఐదువందల రూపాయలు బహుమానమని జైళ్ల శాఖవారు చాటిరి. ప్రతి గురువారమును దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి పోవు భక్తులారా, ఒక్కమారు ఆలోచింపుడు: షిరిడీలో ఇంటింట భిక్షమెత్తి బ్రదికిన ఆ మహనీయుడే ఆ రెండు మాసములలో సశరీరముగా మన చౌరస్తాలో దిగియుండినచో, ఆయనను చూపినవానికి మోక్షమునకు మాఱుగా ఐదువందలు దక్కెడివి. ఆ నిషేధపు నీడలోనే డిసెంబరు 15 నుండి 19 వఱకు లాల్ బహదూర్ క్రీడారంగమున ప్రపంచ తెలుగు మహాసభలు కూడ జరిగినవి. ఉపనయనమున వటువుచేత మొట్టమొదట భిక్షమెత్తించు మన సంస్కృతి ఎంత ఘనమైనదో ఏ పండితుడైన ప్రసంగింపదలచినచో, నడుమ ఏ భిక్షకుడును చేయి చాచి ఆటంకము కలిగింపకుండ చక్కని యేర్పాటు గదా!

తెలుగువారు తెలుగువారితో మాటలాడుటకు పడిన ప్రయాసయు సామాన్యమైనది కాదు. 1975లో ఇదే నగరమున మొదటి మహాసభ జరుపుకొని, రెండవదానికి 1981లో కౌలాలంపూరునకును, మూడవదానికి 1990లో మారిషసునకును పోయి, 2012లో తిరుపతికి తిరిగివచ్చిరి. చైతన్యపురి సందులలోని హాస్టలు గదిలో, ఒక్క పంకా క్రింద, పోటీపరీక్షకు చదువుకొను పాలమూరు పిల్లవానికిని ఒంగోలు పిల్లవానికిని పాస్‌పోర్టు అవసరము లేకపోయినది. రాష్ట్రమెవరిది, నీరెవరిది, ఉద్యోగమెవరిది అన్న ప్రశ్నలపై అర్ధరాత్రి వఱకు వాదించుకొని, నిద్రపట్టక, ఇంటినుండి వచ్చిన పచ్చడి సీసా తెఱచి ఇరువురును పంచుకొని తిని, తెల్లవాఱి ఒకే కోచింగు సెంటరునకు పోవుచున్నారు. ఆ వాదమునకు అధ్యక్షుడు లేడు, వందన సమర్పణము లేదు.

2025 మే మాసమున ప్రపంచ సుందరి పోటీలు మన యింట జరిగినవి. సంస్కృతుల మేళనమని పత్రికలు వ్రాసినవి. సుందరీమణులకు చార్మినార్ చూపిరి, బుద్ధవనము చూపిరి, పోచంపల్లి మగ్గములు చూపిరి. రామప్పగుడి వద్ద స్థానిక స్త్రీలచేత నీళ్లు పోయించి వారి పాదములు కడిగించిరి. ఇది అతిథి మర్యాదయని కొందఱు, అవమానమని కొందఱు కొన్నాళ్లు వాదులాడిరి. మర్యాదయే అనుకొందము. అట్లైనచో, కడిగించుకొన్నవారు తిరిగి నీళ్లు పోయుటకు వీలుగా ఆ స్త్రీలకును ఒక్క కుర్చీ వేయించియుండిన సంభాషణము పూర్తియయ్యెడిది. అంతవఱకు నిర్వాహకుల ఊహ పోలేదు.

అసలు దోషము కుర్చీలలోనే యున్నదని నా యభిప్రాయము. ఏ అంతర్జాతీయ సభకైనను పోయి చూడుడు: సంభాషింపవచ్చిన పెద్దలందఱును వేదికపై ఒకే వరుసలో కూర్చుండి, పెండ్లి ఫోటోకు నిలిచిన చుట్టములవలె ఒకే దిక్కునకు చూచుచుందురు. ఎవరి ముఖమును ఎవరికిని కనబడదు. ఎవరి మాటయు ఎవరికిని తగులదు. దీపము వెలిగింతురు, శాలువాలు కప్పుకొందురు, జ్ఞాపికలు పుచ్చుకొందురు, విందునకు తరలుదురు. ఎల్బీనగర్ కూడలిలో హయత్‌నగరమునకు పోవు సెవెన్ సీటర్ ఆటో నెక్కినవానికి ఈ సౌఖ్యము లేదు. అందు బల్లలు ఎదురెదురుగా నుండుటచే, మోకాలికి మోకాలు తగులక తప్పదు. తగిలినందుకు కసరక తప్పదు. కసరినవాడు బిహారువాడో, మార్వాడీయో, నల్లగొండ రైతో తెలిసికొనక తప్పదు. దిగులోపల చిల్లర కొఱకు ఆ కసరుకొన్నవానినే అడుగక తప్పదు. ఇంత నిర్బంధమున్నచోటనే మనుష్యులు ఒకరినొకరు కొంతయైన తెలిసికొందురు.

తెలుగు మహాసభలు జరిగిన ఆ క్రీడారంగమునకును మా ఎల్బీనగరమునకును ఒక్కరి పేరే పెట్టుటలో మన పెద్దలకు ఏ యుద్దేశమున్నదో గాని, ఆ లాల్ బహదూర్ శాస్త్రిగారు మాత్రము ఇట్టి వేదికల వరుసలో కూర్చుండినవారు కారు. 1966 జనవరిలో తాష్కెంటు నగరమున, అంతకు కొలది మాసములు ముందు తమతో యుద్ధము చేసిన పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖానునకు ఎదురుగా కూర్చుండి, దినముల తరబడి ఒప్పుకొనక, ఒప్పింపలేక, తుదకు 10వ తేదీన సంతకము చేసి, ఆ రాత్రియే కన్నుమూసిరి. పోట్లాడినవానితో మాటలాడుట సంభాషణము. నేటి సభలకు మనము ముందుగనే చప్పట్లు కొట్టుటకు సిద్ధమైనవారిని మాత్రమే పిలుచుచున్నాము.

కావున ప్రపంచమును మన నగరమునకు పిలువబోవు నిర్వాహకులకు ఈ ప్రాంతవాసి విజ్ఞాపన మొకటి: రాబోవు సంస్కృతుల సభను మాదాపురమున గాక మా దిల్‌సుఖ్‌నగరమున జరుపుడు. కుర్చీలు ఎదురెదురుగా వేయింపుడు, శాలువాలు మానుడు, ప్రతినిధులను మూడు రాత్రులు హాస్టలు గదులలో ఇరువురేసి పడుకొనబెట్టుడు, ఒక్క భిక్షకునైనను కదలింపకుడు. వాహనములు నిలుపుటకు చోటు లేదని మాత్రము సాకు చెప్పకుడు. ఆ చోటు మాకును లేదు.