తలుపులు బిడాయించుకుని చలికాలమట!

చలి చలి అంటారు గానీ, మన హంసలదీవిలో చలి ఏపాటిదర్రా? పుష్యమాసంలో తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. ఆ మాత్రానికే కిటికీలన్నీ బిడాయించి, లోపల కాయిల్ వెలిగించి, అగరొత్తులు గుచ్చి, మీదనుంచి సెంటు నీళ్లు చిమ్మి, నిండా ముసుగుపెట్టి పడుకుంటారు. తెల్లారి లేచి తల దిమ్ముగా ఉందంటారు. ఉండదూ మరి!

మా రోజుల్లో ఇల్లంటే చుట్టిల్లు. మట్టి గోడ, పైన తాటాకు, గోడకూ కప్పుకూ మధ్య జానెడు సందు. పొయ్యిలోకి తాటిమట్టలు, సరుగుడు పుల్లలు, పిడకలు. వానకు తడిసిన పుల్లలైతే పొగ కళ్లల్లో కారం కొట్టినట్టే. మా అమ్మ ఊదుగొట్టం ఊదీ ఊదీ నలభై ఏళ్లకే దగ్గు తెచ్చుకుంది. ఆ పొయ్యి మళ్లీ రావాలని నేననను. 1999లో దీపం పథకమని ఆడవాళ్ల పేర గ్యాసు ఇచ్చారు చూడండి, నా ఎరుకలో వంటింటికి జరిగిన మేలంటే అదే. ఇళ్లలోని పొయ్యి పొగ 2020లో ప్రపంచం మొత్తమ్మీద 32 లక్షల మందిని పొట్టన పెట్టుకుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఆ పొగ ఎక్కువగా తాగేది ఆడవాళ్లూ పిల్లలేగా.

అయితే ఒక్క మాట. ఆ పొగకు పోయే దారి ఉండేది. ఇప్పుడు మీరు పొగను మాన్పలేదు, దారిని మూశారు.

1977 నవంబరు 19న ఉప్పెనొచ్చి ఆ చుట్టిళ్లన్నిటినీ ఊడ్చుకుపోయింది. తరవాత శ్లాబు ఇల్లే ప్రాణమన్నారు. మన దివిసీమలో పుట్టినవాడెవడూ ఆ మాట కాదనడు. అప్పటి మేస్త్రీలు కూడా తెలివైనవాళ్లే, ప్రతి గదికీ పైన వెంటిలేటరు వదిలేవాళ్లు. వేడెక్కిన గాలి పైకెళ్లి అందులోంచి పోయేది. మా వాళ్లు ఏసీ పెట్టించినప్పుడు ఆ వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టి టేపు అతికించారు. చలికాలం ఏసీ వెయ్యరు, టేపూ పీకరు.

ఇక కాయిల్ సంగతి. 2003లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానం. నేను వీధరుగు మీద చుట్ట ముట్టిస్తే, "మావయ్యగారూ, ఆ పొగ పిల్లాడికి పడదండీ" అంటుంది మా కోడలు. నిజమే, నేనే లేచి దూరంగా పోతాను. రాత్రికి అదే తల్లి పిల్లాడి మంచం కింద కాయిల్ పెట్టి గది తలుపేస్తుంది! చుట్టూ మురుగు కాలవలు, రొయ్యల చెరువులు, దోమలు లేవని నేనన్నానా? దోమతెర ఉంది కదా, నాలుగు తాళ్లు కట్టడానికి బద్ధకం.

గోడల కథ వేరే. అక్టోబరు నుంచి ఈశాన్యపు వానలు నానబెడతాయి, నేల చూస్తే ఉప్పు నేల. చెమ్మ పునాదిలోంచి పైకి పాకుతుంది. మా రోజుల్లో సంక్రాంతి ముందు సామానంతా వాకిట్లో పడేసి, మూలమూలా దులిపి, గోడలకు వెల్ల వేసేవాళ్లం. సున్నం ఘాటుకు బూజు బతకదు, పైగా గోడలో తడి ఆరిపోయేది. ఇప్పుడు మెరిసే ప్లాస్టిక్ రంగులు. లోపలి తడి బయటికి రాలేక రంగు పొక్కులు లేస్తుంది. బీరువా జరిపి చూడండి, వెనక గోడంతా నల్లటి బూజు. దాని రజను గాల్లోకి లేస్తే ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసమే. ఆ గదిలోనే తడిబట్టలు ఆరేస్తారు. దుప్పట్లలో కలరా ఉండలు వేసి, ఎండ చూపించకుండానే పసిబిడ్డకు కప్పుతారు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువ. అలాంటివాళ్లకు ఆ ఉండల ఘాటుకే రక్తకణాలు చితికిపోయి కామెర్లు రావచ్చు.

బాలింత మంచం కింద కుంపటి పెట్టడం మాత్రం మా కాలం పనే. సందులున్న ఇల్లు గనక గట్టెక్కాం. బిడాయించిన శ్లాబు గదిలో అదే కుంపటి పెడితే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పెద్దలు చెప్పారని అది మాత్రం చెయ్యకండి.

బెజవాడ నుంచి మనవడు గాలి శుద్ధి చేసే మిషనొకటి తెచ్చాడు. ధూళి పడుతుంది, ఒప్పుకుంటాను. నలుగురు రాత్రంతా వదిలిన ఊపిరిని మాత్రం అది బయటికి తోలదు. కుండీలో మొక్క కూడా తెచ్చాడు, గాలిని కడుగుతుందట. ఇంట్లో ఆ పని జరగాలంటే చదరపు మీటరుకు తక్కువలో తక్కువ 10 మొక్కలు కావాలని 2019లో ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. వంటింట్లో చిమ్నీ బిగించారు, దాని గొట్టం బయటికి పోదు. పొగ ఓ జల్లెడలో దూరి మళ్లీ వంటింట్లోకే వస్తుంది!

కిటికీ తియ్యమంటే పొద్దున్నే ఆరింటికి తీస్తారు. అదీ తప్పే. చలి రాత్రుల్లో నేలనంటిన గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది. గడ్డి తగలబెట్టిన పొగా, చెత్త పొగా తెల్లారేదాకా దాంట్లోనే తారాడతాయి. పది దాటి మంచు విడిచాక తియ్యండి, ఎదురెదురుగా రెండు కిటికీలు. మధ్యాహ్నానికి పాలకాయతిప్ప వైపు నుంచి సముద్రపు గాలి పైసా ఖర్చు లేకుండా ఇంట్లో నడుస్తుంది. పొద్దు వాలకముందే, దోమలు లేవకముందే వేసుకోండి. వంట చేసేటప్పుడు మాత్రం వేళ చూడక్కర్లేదు, వంటింటి కిటికీ తియ్యాల్సిందే.

భోగి సంగతి ముందే చెబుతున్నా. మా రోజుల్లో పిడకల దండలు, పాత కర్రలు, తాటిమొద్దులు. పోయినేడు ఎవడో మా వాకిట్లో మంట మీద మోటారుసైకిలు టైరు వేశాడు. ఆ నల్లమసి సంక్రాంతి వెళ్లినా దోమతెరకు వదల్లేదు. ఈ ఏడు టైరు పట్టుకొచ్చినవాడెవడైనా సరే, దాన్ని తిరిగి దొర్లించుకుంటూ ఇంటికి పోవాల్సిందే.