పది వారాల దొరగారు

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు కుర్రాడికి బారసాలనాడు పెట్టిన పేరొకటుంది. దాన్నిప్పుడు వాళ్లమ్మ కూడా వాడటం మానేసింది. కూకట్‌పల్లిలో మా సందు మొత్తానికీ వాడు మ్యూనిక్ బాబు. బీటెక్ మూడో ఏడాది వేసవిలో ఓ పెద్ద కంపెనీ మ్యూనిక్ ఆఫీసులో పది వారాలు ఇంటర్న్‌షిప్ చేసొచ్చాడు. వచ్చి రెండేళ్లయింది గానీ, నా లెక్కలో వాడింకా విమానం దిగలేదు.

పదేళ్లు అక్కడే ఉండి వచ్చినవాడు గప్‌చుప్‌గా లుంగీ కట్టుకుని పప్పుచారు తాగుతాడు. పది వారాలవాడితోనే చిక్కంతా.

లిఫ్టులో పట్టుకుంటాడు. "అంకుల్, అక్కడ ఆదివారం షాపులుండవు తెలుసా?" తెలుసు నాయనా, పదకొండోసారి వింటున్నాను. వీడు అక్కడ దిగింది శనివారం రాత్రి. బవేరియాలో కొట్లు రాత్రి ఎనిమిదింటికల్లా కట్టేస్తారు, ఆదివారం తెరవనే తెరవరు. పెద్ద రైల్వే స్టేషన్లో కొన్ని తెరిచి ఉంటాయని చెప్పే దిక్కు లేకపోయింది. చేతిలో ఉన్నవల్లా విమానంలో దాచుకున్న రెండు బన్నులు, అమ్మ మూడు కవర్లు చుట్టి, టేపు వేసి పంపిన ఆవకాయ సీసా. నూనె కారి మొదటి రోజు వేసుకెళ్లాల్సిన తెల్లచొక్కాకి ఎర్రటి అంచు పడింది. బన్నులో ఆవకాయ నంజుకుని, సోమవారం ఆ చొక్కాతోనే ఆఫీసుకెళ్లాడు. ఇదంతా వాళ్లమ్మ మా ఆవిడతో చెప్పిన భోగట్టా. వాడు చెప్పే కథలో మాత్రం ఆ ఆదివారం 'వర్క్ లైఫ్ బ్యాలెన్స్' కిందికొస్తుంది.

అక్కణ్నుంచి వాడు ముఖ్యంగా మోసుకొచ్చిన సరుకు 'ఫైరాబెంట్'. అంటే ఆ పూటకి పని ముగిసిందని అర్థం. జర్మన్లు ఆఫీసు వదిలాక వాడే ఆ మాటని వీడు కరివేపాకు తెమ్మన్నప్పుడు వాడతాడు. సాయంత్రం ఆరు దాటితే కొత్తిమీరకి కూడా అదే జవాబు. ఉదయం పూట ఏం పని చేశావని మాత్రం ఎవరూ అడగకూడదు.

ఇక మర్యాదల సంగతి. జర్మన్‌లోనూ మనలాగే నువ్వు, మీరు వేరువేరు. నువ్వుకి 'డూ', మీరుకి 'జీ'. (వినడానికి హిందీ గౌరవంలాగే ఉంది, ఎవరి పుణ్యమో.) అరవయ్యేళ్ల బాసు మొదటిరోజే చేయి కలిపి, పేరు పెట్టి పిలువు, డూ అను అన్నాడట. వీడి బుర్రలో ఆ గేటు తెరుచుకుంది, మళ్లీ మూతపడలేదు. వచ్చిన వారంలోనే మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారిని, రిటైర్డ్ తహసీల్దారుని, పార్కింగ్‌లో పేరు పెట్టి పలకరించాడు. రెండు రోజులు మూడో అంతస్తుకి నీళ్లెక్కలేదు. మోటారు రిపేరన్నారు.

అక్కడ ప్లాస్టిక్ సీసా వాపసిస్తే 25 సెంట్లు చేతికొస్తాయి, కొనేటప్పుడే డిపాజిట్ పట్టుకుంటారు. ఈ అద్భుతాన్ని వాడు కళ్లు పెద్దవి చేసి వర్ణిస్తుంటే, వాళ్ల తాతయ్య పేపర్లోంచి తలెత్తకుండా, "మా ఊళ్లో సోడా కొట్టువాడు కూడా ఖాళీ సీసా ఇస్తేనే డిపాజిట్ తిరిగిచ్చేవాడ్రా" అన్నాడు. వాడు వినలేదు. పదివారాలవాళ్లకి చెవులు పనిచేయవు.

ఇంతకీ ఆఫీసులో ఏం చేశాడు? అది తేలడానికి నాకు రెండేళ్లు పట్టింది. వీడి ప్రాజెక్టు టీము మొత్తం మాదాపూర్‌లో ఉంది. వేసవిలో మనం వాళ్లకంటే మూడున్నర గంటలు ముందు. మ్యూనిక్‌లో పొద్దున తొమ్మిదిన్నరకి వీడు కెమెరా ముందు కూర్చుంటే ఇక్కడ ఒంటిగంట. "తొందరగా కానియ్ తమ్ముడూ, బిర్యానీ చల్లారిపోతోంది" అనేవాడట టీము లీడరు. ఇంటి నుంచి ఒక్క బస్సు ఎక్కితే చేరే ఆఫీసువాళ్లతో, రెండు విమానాలెక్కి వెళ్లి, తెలుగులో మాట్లాడొచ్చాడన్నమాట.

హాల్లో టీవీ పైన బంగారు రంగు ఫ్రేములో వాడి సర్టిఫికెట్ ఉంటుంది. పూర్తిగా జర్మన్‌లో. అక్కడి కంపెనీలు ఇచ్చే ఈ కాగితాల్లో చెడ్డమాట రాయకూడదు, అందుకని అన్నీ మంచిమాటలే సంకేతాలుగా వాడతారు. అది అప్పటికి నాకు తెలియదు. పోయిన దసరాకి స్టుట్‌గార్ట్‌లో పన్నెండేళ్లున్న మా తోడల్లుడు వస్తే, మ్యూనిక్ బాబే ఆయన చేయి పట్టి లాక్కెళ్లి చూపించాడు.

"అప్పగించిన పని చేయడానికి ఎల్లప్పుడూ ప్రయత్నించాడు, అని రాశారంకుల్!" అన్నాడు ఛాతీ విరుచుకుని. వాళ్లమ్మ కొంగుతో అద్దం తుడిచింది.

మా తోడల్లుడు ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. మంచినీళ్లడిగి గ్లాసు ఖాళీ చేశాడు.

"ఫ్రేము బాగుంది బాబూ, ఎక్కడ కట్టించారు?" అన్నాడు.