వంతు కొరకు: ఒక క్షౌరపద్యానికి కర్తరీ వ్యాఖ్య

కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాశాడు, భారవికి ఘంటాపథం వేశాడు. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు కాబట్టి మనవాడే. ఆధారం లేనిది రాయకూడదనీ, అక్కర లేనిది చెప్పకూడదనీ ఆయన నియమం పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం వరకు నేనూ నిలబడగలను. అంతటి మహానుభావుడు చెయ్యి పెట్టకుండా వదిలేసిన అంశం పండగ ముందు రాత్రి కటింగ్. ఆ లోటు తీర్చడానికి ఒక ఆటవెలదిని పట్టుకొని, కర్తరి అనే పేరుతో వ్యాఖ్య రాస్తున్నాను. కర్తరి అనగా కత్తెర.

మూలం

భోగి ముందు రాత్రి బుద్ధి పుట్టెను నాకు
జుట్టు చెవుల మీద చుట్టె ననుచు
బెంచి మీద వరుస బిగువుగా కూర్చున్న
వారి వెనుక నేను వంతు కొరకు

టీక

భోగి ముందు రాత్రి = జనవరి 12 గాని 13 గాని. హైదరాబాద్‌లో సెలవు పెట్టి, పంతంగి టోల్‌గేటు దగ్గర గంటలు కరిగించి, అప్పుడే ఊళ్ళో బ్యాగు దించిన వేళ అని విశేషార్థం. పట్నంలో వీధికో షాపు ఉండగా ఊరికొచ్చి చేయించుకోవడమేమిటని శంకించకూడదు. ఆ షాపుల వాళ్ళకూ ఊళ్ళున్నాయి, వాళ్ళూ అదే టోల్‌గేటు దగ్గర ఉన్నారు.

బుద్ధి పుట్టెను = ఉన్నట్టుండి తోచినది. జుట్టు నెలకు సెంటీమీటరుకు కాస్త పైన పెరుగుతుంది. ఉన్నట్టుండి పెరగడం దానికి చేతకాదు. నెలన్నరగా పెరిగిన వస్తువు మీద బుద్ధి మాత్రం ఒక్క క్షణంలో ఎలా పుట్టింది? దీనికి నిమిత్తకారణం వంటింట్లో ఉంది. "ఏమండీ, ఆ తలతోనే రేపు మా పుట్టింటికి వస్తారా?" అన్న వాక్యం పద్యానికి ముందే ముగిసినదని గ్రహించాలి. కవి దాన్ని దాచి, బుద్ధి తనదే అన్నట్టు "నాకు" అన్నాడు. అల్లుళ్ళందరూ చేసే పనే ఇది.

చెవుల మీద చుట్టెననుచు = చెవులను కప్పినదని. వెనక మెడ మీద ఇంకా ఎక్కువ పెరిగి ఉంటుంది. తన మెడ తనకు కనబడదు గనుక చెవులతో సరిపెట్టాడు.

బెంచి మీద = గోడవారగా వేసిన చెక్కబల్ల మీద. ముగ్గురికి చేసిన ఆ బల్ల మీద ఆ రాత్రి ఆరుగురు ఉంటారు. ఏడోవాడు పాత వారపత్రిక చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలబడి, చదువుతున్నట్టు కనిపిస్తాడు.

బిగువుగా = ఇరుకుగా అని ఒక అర్థం, బెట్టుగా అని ఇంకొకటి. రెండూ కవి ఉద్దేశించినవే. ముందు వచ్చినవాడి బెట్టు సామాన్యమైనది కాదు. "ఫోనుతో కూర్చున్న" అని ఒక పాఠాంతరం వినిపిస్తుంది. గణాలు సరిపోతాయి గాని, "బెంచి"లోని ఎకారానికి "ఫోను"లోని ఓకారంతో యతి కుదరదు. ఛందస్సు కోసం ఆ పాఠాన్ని తోసిపుచ్చుతున్నాను. షాపులోకి వెళ్ళి చూసినవారు నాతో ఏకీభవించకపోవచ్చు.

వంతు కొరకు = వంతు నిమిత్తమై. ఇక్కడ పద్యం ఆగిపోయింది. క్రియాపదం లేదు. "నిలిచితిని" అని అధ్యాహారం చేసుకోమని కొందరు, "వేచితిని" అని కొందరు. ఇద్దరూ తొందరపడ్డారు. పని జరగలేదు గనుక క్రియ లేదు. చతుర్థీ విభక్తి దాకా వచ్చి కూర్చోవడం ఒక్కటే ఆ రాత్రి మన చేతిలో ఉన్నది. క్రియ లేదు గనుక ఇది కర్తరి ప్రయోగమా, కర్మణి ప్రయోగమా అనే చర్చ కూడా అనవసరం. కర్తరి ఇంకా మన తల మీద ప్రయోగింపబడలేదు. కర్మణి మాత్రం బెంచి ఎక్కినప్పుడే మొదలైంది.

నాయికా విచారం

ఆ బెంచి మీది వారి స్థితి తెలియాలంటే అష్టవిధ నాయికలు తెలిసి ఉండాలి. ఇది వెటకారం కాదు. లాక్షణికులు చెప్పిన ఎనిమిది అవస్థలూ ఒకే గదిలో, ఒకే ట్యూబులైటు కింద దొరికే చోటు ఇంకోటి నాకు కనిపించలేదు.

ఫోన్ చేస్తే "వచ్చెయ్యండి సార్, ఖాళీయే" అన్న మాట నమ్మి వచ్చి, నిండిన బెంచి చూసి కొయ్యబారినవాడు విప్రలబ్ధ. ఎవరికంటా పడకుండా మఫ్లరు చుట్టుకొని సందులోంచి వచ్చినవాడు అభిసారిక. ఆయన మఫ్లరు లోపల రంగు వేయించుకోవలసిన తల ఉంది. మెడకు గుడ్డ కట్టించుకొని, బుగ్గలకు నురగ పూయించుకొని, పక్క కుర్చీకి వెళ్ళిపోయిన కత్తెర మనిషి కోసం అద్దంలో చూస్తూ ఉన్నవాడు వాసకసజ్జిక. "టీ తాగొస్తా" అని ఆ కత్తెర మనిషి రోడ్డు దాటితే, ఆ కాసేపు షాపు షాపంతా ప్రోషితభర్తృకలే. తన వంతులో వార్డు మెంబరుగారు కూర్చోవడం చూసినవాడు ఖండిత. "ఇంతసేపా?" అని గొడవపడి బయటికి నడిచి, ఊళ్ళో షాపులన్నీ తిరిగి, అన్నిచోట్లా ఇదే బెంచి చూసి, తిరిగొచ్చి వరుసలో చివరన కూర్చున్నవాడు కలహాంతరిత. వాడి మీద ఎవరికీ జాలి ఉండదు. మిగిలినవాళ్ళంతా విరహోత్కంఠితలు.

ఇక కుర్చీలో ఉన్నవాడు స్వాధీనపతిక. "ఇక్కడ ఇంకొంచెం తియ్యి. మీసం చూడు. ముక్కులో వెంట్రుకలు కూడా." వెనక పదిమంది నిట్టూర్పులు వాడి మెడకు తగులుతూనే ఉంటాయి. అయినా లేవడు. రేపు వాడే మనం, మనమే వాడు. కాబట్టి బెంచి మీద ఉన్నంతసేపు తిట్టుకోవచ్చుగాని, కుర్చీ ఎక్కాక తొందర పడనక్కర లేదు.

"ఇద్దరే" అను మాటకు అర్థనిర్ణయం

"ఎంతసేపు పడుతుందన్నా?" అని అడిగితే లోపలి నుంచి వచ్చే ఏకైక సమాధానం "మీ ముందు ఇద్దరే." బెంచి మీద ఆరుగురు ఉండగా ఇద్దరెలా అయ్యారు? ఈ "ఏ" అవధారణార్థకం, ఇద్దరు మాత్రమే అని చెప్పాలి. అలా చెబితే అది అబద్ధం అవుతుంది. అబద్ధం అనడం నాకిష్టం లేదు. తండ్రీ ఇద్దరు కొడుకులూ వస్తే ఆ షాపు లెక్కలో ఒక్కరే. తువ్వాలు వేసి టిఫినుకు వెళ్ళినవాడు లెక్కలో లేడు, వచ్చాక ఉంటాడు. "గడ్డమొక్కటే" అన్నవాడు అరమనిషి. ఇలా కూడితే ఇద్దరే తేలతారు. గంటల్లోకి మార్చి అర్థం చేసుకోవడం వినేవాడి బాధ్యత.

పూర్వపక్షం

ముందే వెళ్ళి ఉండవచ్చు కదా అని నిష్ఠాపరులు అంటారు. ఎప్పుడు వెళ్ళాలో చెప్పమనండి. మంగళవారం షాపులకు వారాంతపు సెలవు. శనివారం ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. శుక్రవారం లక్ష్మీప్రదం, కాబట్టి జుట్టు పోకూడదు. అమావాస్య కూడదు, ఏకాదశి కూడదు, పుట్టినరోజు కూడదు. ఇవన్నీ పోను మిగిలిన రోజుల్లో ఆఫీసు ఉంటుంది. చివరికి ఆదివారం ఒక్కటే తేలుతుంది, అది ఊరందరికీ ఒకేసారి తేలుతుంది. 2025లో భోగి సోమవారం వచ్చింది, అంటే ముందురోజు ఆదివారం. ఆ రాత్రి బెంచీలు రోడ్డు మీదికి వచ్చాయి. 2026లో భోగి బుధవారం, జనవరి 14. ముందురోజు మంగళవారం. షాపు మూసే రోజు, తలలు నిండే రోజు ఒకటే అయ్యాయి. భోగి నాడే చేయించుకుందామంటే ఆ రోజు ఏకాదశి. అలాంటప్పుడు సగం షట్టరు దించి లోపల లైటు వేస్తారు. వంగి లోపలికి దూరడం ఆ మంగళవారానికి మనం చెల్లించే గౌరవం.

కాబట్టి ఆఖరి నిమిషపు క్షౌరం బద్ధకం వల్ల పుట్టింది కాదు, పంచాంగం వల్ల పుట్టింది. ఇది సిద్ధాంతం. బద్ధకం దానికి తోడు వచ్చింది, అంతే.

ఇంకో మాట. కత్తెర పట్టిన ఆ ఇంట్లోనే తరచు సన్నాయి కూడా ఉంటుంది. పెళ్ళిళ్ళకూ గుళ్ళకూ మంగళవాద్యం మోగించేది నాయీబ్రాహ్మణులే. ధనుర్మాసం ముగిసే భోగి నాడు వైష్ణవాలయాల్లో గోదాకల్యాణం. అర్ధరాత్రి దాకా మన తలలు బాగుచేసిన చెయ్యి తెల్లారాక అక్కడ డోలు కట్టాలి. ఆ మనిషి టీకి వెళితే ప్రోషితభర్తృకలం అయ్యామని ఏడవడం మనకు తగదు. పండగ మామూలు అడిగితే బేరమాడటం అసలే తగదు.

ఉత్తరక్రియ

చివరికి వంతు వస్తుంది. "మీడియమా, షార్టా?" అన్న ప్రశ్నకు తెలుగుదేశమంతటా జవాబు ఒకటే, "మీడియం." తరవాత పడేది షార్టే. పండగ రాత్రి కత్తెర కన్నా మిషన్‌కు పని ఎక్కువ. పటిక రాస్తారు, పౌడరు చల్లుతారు, వెనక అద్దం పట్టి ఒక్క క్షణం మెడ చూపిస్తారు. మామూలు రోజుల్లో చివర దొరికే తలమర్దన మాత్రం ఆ రాత్రి ఉండదు. నా దృష్టిలో పండగ క్షౌరంలోని నిజమైన నష్టం ఇదే, మిగిలినవి ఓర్చుకోవచ్చు. పాకనిర్ణయం అడిగితే, వెళ్ళేటప్పుడు ద్రాక్షాపాకం, వచ్చేటప్పుడు నారికేళపాకం.

ఇంటికొస్తే వీధి గుమ్మం మూసి ఉంటుంది. పెరటి దారిన రావాలి, దేన్నీ ముట్టుకోకూడదు. రాత్రి పదకొండు దాటింది, జనవరి చలి. "అయిదింటికి భోగిమంట, నలుగు, తలంటు ఎలాగూ ఉన్నాయి కదమ్మా, ఇప్పుడెందుకు?" అని వాదించి గెలిచినవాడు లేడు. "ఇది మైల స్నానం, అది పండగ స్నానం" అని అమ్మ తీర్పు. దీని మీద అప్పీలు లేదు.

ఈ వ్యాఖ్య చదివినవారికి ఒక ముందస్తు మనవి. 2026లో ఉగాది మార్చి 19, గురువారం. ముందురోజు అమావాస్య. దానికి ముందురోజు మంగళవారం. సోమవారం పొద్దున్నే వెళ్ళండి.