మా రోజుల్లో ఫ్లాష్ పాయింట్ కొలిచి రాసేవాళ్లం

ఇప్పుడు ఏ మందుల ఫ్యాక్టరీకి వెళ్లినా స్టోర్స్ గోడల మీద ఎర్ర అంచు డైమండ్ బొమ్మలు తళతళలాడుతుంటాయి. ప్రతి సాల్వెంట్‌కీ పదహారు సెక్షన్ల సేఫ్టీ డేటా షీటు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫైలు నిండా. బాగుంది. కానీ "టోలీన్‌కి మండే ద్రవం కేటగిరీ 2 అని రాశారు, ఎలా వచ్చింది బాబూ?" అని అడిగి చూడండి. "సప్లయర్ పంపాడు సార్" అంటాడు. లేదంటే "నెట్‌లో ఉంది సార్" అంటాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ అంకె ఎవరో ఎక్కడో ఏదో సీసాలోని సరుకును పరీక్షించి వేసినది. మన షెడ్డులో ఉన్న డ్రమ్ములో ఏముందో ఆ కాగితానికి తెలియదు.

మా రోజుల్లో క్యూసీ ల్యాబులో ఒక మూల ఏబెల్ ఉపకరణం ఉండేది. ఇత్తడి కప్పు, దాని చుట్టూ గాలి అర, బయట నీళ్ల తొట్టి. కప్పులో గుర్తు దాకా శాంపిల్ పోయాలి, ఒక్క బుడగ ఉండకూడదు, అంచుకు తడి అంటకూడదు. మూతలో ఒక థర్మామీటరు, ఒక కలపడం పుల్ల, జరిగే తలుపు, దాని మీద పూసంత మంట. టోలీన్ లాంటిది 4 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది కాబట్టి శాంపిల్‌నీ తొట్టినీ ముందే బాగా చల్లబరిచేవాళ్లం. అక్కణ్నుంచి మెల్లగా వేడెక్కనిస్తూ, అర డిగ్రీకి ఒకసారి తలుపు జరిపి మంటను లోపలికి వంచడం. చూస్తూ ఉండాలి. పక్కవాడితో మాట్లాడితే పోయింది. ఒక్కసారి నీలిరంగు వెలుగు ద్రవం పైనంతా పాకి ఆరిపోతుంది. ఆ క్షణాన థర్మామీటరులో ఎంతుందో అదే ఫ్లాష్ పాయింట్. రెండోసారి కొత్త శాంపిల్‌తో మళ్లీ.

అంతటితో అయిపోలేదు. పక్కనే గోడకి బారోమీటరు ఉండేది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఆవిరి తొందరగా లేస్తుంది, ఫ్లాష్ పాయింట్ కాస్త తక్కువగా కనిపిస్తుంది. దానికి సుమారు డిగ్రీన్నర కలిపి సరిచేయాలి. డిగ్రీన్నరే కదా అని కొట్టిపారేయకండి. కేటగిరీ 2కీ 3కీ మధ్య గీత 23 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ 22 దగ్గర వెలిగిన సరుకు, సరిచేశాక 23 దాటి గీతకు అవతల పడుతుంది. ఇవాళ ఎన్ని ల్యాబుల్లో ఆ సవరణ రాస్తున్నారు? నేను చూసిన రిపోర్టుల్లో ఒత్తిడి కాలమ్ ఖాళీగా ఉంటోంది.

ఆ 23 డిగ్రీల గీత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని పుట్టుక మన ఎండల్లో కాదు. సర్ ఫ్రెడరిక్ ఏబెల్ కనిపెట్టిన ఈ కప్పును 1879లో బ్రిటిష్ పెట్రోలియం చట్టంలోకి తీసుకున్నప్పుడు పెట్టిన హద్దు 73 ఫారన్‌హీట్. అంటే 23 సెల్సియస్‌కి కాస్త తక్కువ. మన 1934 పెట్రోలియం చట్టంలో ఏ తరగతి అంటే 23 లోపు, బీ తరగతి 23 నుంచి 65 లోపు, సీ తరగతి 65 నుంచి 93 లోపు. రసాయనాల ప్రమాదాల వర్గీకరణకి ఐక్యరాజ్యసమితి 2003లో అచ్చువేసిన జీహెచ్ఎస్ పుస్తకంలోనూ గీత 23 దగ్గరే. ఫ్లాష్ పాయింట్ 23 లోపు ఉండి 35 డిగ్రీల లోపే మరిగితే కేటగిరీ 1, 35 దాటి మరిగితే 2. ఫ్లాష్ పాయింట్ 23 నుంచి 60 దాకా ఉంటే 3. 60 దాటి 93 దాకా 4. లండన్ గదిలో ఇది చక్కగా పనిచేస్తుంది. అక్కడ మామూలు రోజున కేటగిరీ 3 సరుకు డ్రమ్ము మూత తీసినా అంటుకునేంత ఆవిరి ఉండదు. మన పటాన్‌చెరులో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఎంతుంటుందో మీకు చెప్పక్కర్లేదు. జైలీన్ ఫ్లాష్ పాయింట్ 30కి అటూ ఇటూ, బ్యూటనాల్‌ది 35, ఎసిటిక్ ఆమ్లానిది 39. ఇవన్నీ కాగితం మీద కేటగిరీ 3. మన వేసవిలో ఇవన్నీ వాటి ఫ్లాష్ పాయింట్ కన్నా వెచ్చగానే ఉంటాయి. మా పెద్ద కెమిస్టు ఒకాయన ఏప్రిల్ మొదలు కాగానే జైలీన్ డ్రమ్ములన్నింటినీ టోలీన్ వరసలోకి మార్పించేవాడు. రూలు అడగలేదు, వేడి చూసి చేశాడు. ఇప్పటి ఆడిటర్ అలా చేస్తే "కేటగిరీ తప్పు రాశారు" అని లోపం (ఎన్‌సీ) రాసిస్తాడు.

ఇంకో తలనొప్పి. పాత అమెరికన్ నాలుగు రంగుల డైమండ్‌లో 4 అంటే అన్నిటికన్నా ప్రమాదం, 0 అంటే ఏమీ లేదు. కొత్త జీహెచ్ఎస్‌లో 1 అంటే అన్నిటికన్నా ప్రమాదం. టోలీన్‌కి మంట పాతదాంట్లో 3, కొత్తదాంట్లో 2. ఒకే ట్యాంకు మీద రెండూ అతికించి ఉండటం నేను కళ్లారా చూశాను. రాత్రి షిఫ్టులో కొత్తగా చేరిన హెల్పర్ ఏ అంకె చూసి ఏమనుకోవాలి? అందులోనూ ఆ హెల్పర్ ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చాడు, లేబుల్ ఇంగ్లిష్‌లో ఉంది. వాడికి అర్థమయ్యే భాషలో ఒక్క ముక్క లేదు.

మా రోజులన్నీ మంచివే అని నేననడం లేదు. ఆరోగ్యం సంగతికి వస్తే మా రోజుల్లో డ్రమ్ము మీద మంట బొమ్మ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అంటుకుంటుంది, అంతే. టోలీన్‌తో గ్రీజు చేతులు కడుక్కునేవాళ్లు, అంతకుముందు తరం బెంజీన్‌తోనే కడుక్కుంది. రబ్బరు గొట్టం నోట్లో పెట్టి పీల్చి సైఫన్ పెట్టేవాళ్లు. ఒకతను అలా పీల్చి ఓ గుక్క మింగి దగ్గుతుంటే, వేళ్లు పెట్టి వాంతి చేయించబోయారు. డ్యూటీలో ఉన్న కాంపౌండర్ పరుగెత్తుకొచ్చి ఆపాడు. ఊళ్లల్లో కిరసనాయిలు తాగిన పసిపిల్లల్ని చూసిన చెయ్యి ఆయనది. మింగినది కడుపులో కన్నా ఊపిరితిత్తుల్లోకి జారితేనే ఎక్కువ ప్రమాదం, వాంతిలో అదే జరుగుతుంది. ఈ విషయం జీహెచ్ఎస్ ఇప్పుడు ఒక తరగతిగా రాసింది: హైడ్రోకార్బన్ అయి, 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 20.5 సెంటీస్టోక్సులో అంతకన్నా తక్కువో ఉంటే, శ్వాసనాళంలోకి జారే ప్రమాదంలో కేటగిరీ 1. టోలీన్ చిక్కదనం ఒక సెంటీస్టోక్ కూడా ఉండదు. టోలీన్ లేబుల్ మీద ఛాతీ పగిలినట్టు ఉండే మనిషి బొమ్మకు ఉన్న కారణాల్లో ఇదొకటి. మిగతావి కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చన్న అనుమానం, ఏళ్ల తరబడి పీలిస్తే నరాల మీద దెబ్బ. చర్మం మంట, మగత, కళ్లు తిరగడం దీనికి అదనం. ఆ రోజుల్లో మగతను "గ్యాసు పట్టింది" అని చెప్పి టీ తాగించి మళ్లీ పంపేవాళ్లు.

ఎంత పీల్చవచ్చన్న హద్దుల సంగతీ అంతే. ఎనిమిది గంటల షిఫ్టుకి మన 1948 ఫ్యాక్టరీల చట్టం షెడ్యూలులో టోలీన్ హద్దు 100 పీపీఎంగా ఉండేది. అమెరికా చట్టంలో 200. అక్కడే పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సిఫారసు చేసే హద్దు 20. ఒకే మనిషి ఊపిరితిత్తులకి మూడు అంకెలు. మా రోజుల్లో ముక్కే మీటరు. ముక్కు పది నిమిషాల్లో అలవాటు పడి వాసన లేదంటుంది. ఈ ఒక్క విషయంలో ఇప్పటి పిల్లల చేతిలో ఉన్న మీటర్లు చూస్తే నాకు సంతోషమే.

ఈ కాగితాలన్నీ ఊరికే రాలేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ బయటికొచ్చినప్పుడు, ఆస్పత్రికి తెచ్చినవాళ్లకి ఏ గ్యాసు తగిలిందో, దానికి ఏం వైద్యం చేయాలో డాక్టర్లకి చెప్పేవాడు లేడు. అది బాగా మండే ద్రవం కూడా, కానీ ఆ రాత్రి మనుషుల్ని చంపింది మంట కాదు. ఆ తర్వాతే 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ వచ్చి, ప్రమాదాల సమాచారం కార్మికులకీ చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలన్నారు. 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి, డేటా షీటు నమూనా అందులోనే ఇచ్చారు. ఒక్కో కాగితం వెనక శవాలున్నాయి. అలాంటి కాగితాన్ని చదవకుండా, సరిచూడకుండా కాపీ కొడుతుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

విశాఖ చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్ఆర్ వెంకటాపురం మీద కమ్ముకుంది. 12 మంది ప్రాణాలు పోయాయి. స్టైరీన్ డేటా షీటు తీసి చూడండి. ఫ్లాష్ పాయింట్ 31 దగ్గర, మండే ద్రవం కేటగిరీ 3. పీలిస్తే విషం, అందులో కేటగిరీ 4. ఆ రెండు అంకెలే చూసినవాడు "ఇది పెద్ద ప్రమాదం కాదులే" అనుకుంటాడు. నిజమైన ప్రమాదం ఆ రెండింటిలోనూ లేదు. స్టైరీన్ తనలో తాను కలిసి పాలిమర్ అవుతుంది, అయ్యేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా వేగంగా అవుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకం కలిపి దాని మోతాదు ఎప్పటికప్పుడు కొలుస్తుండాలి. ఈ తనంతట తాను పాలిమర్ అయ్యే గుణానికి జీహెచ్ఎస్‌లో విడిగా ఒక తరగతి లేదు. పాత నాలుగు రంగుల డైమండ్‌లో మాత్రం పసుపు గడి ఉండేది, స్టైరీన్‌కి అందులో 2 వేసేవాళ్లు. ఆ గడి చూస్తే కనీసం "ఇది ఊరికే కూర్చునే సరుకు కాదు" అని తెలిసేది. కొత్త షీటులో అది వెనకెక్కడో పదో సెక్షన్‌లో, స్థిరత్వం కింద ఉంటుంది. రెండో సెక్షన్ చూసి లేబుల్ అతికించేవాడు పదో సెక్షన్ దాకా వెళ్లడు.

ఇక కలిపిన సరుకు, తిరిగి తీసిన సరుకు. నా గొడవంతా అసలు వీటి గురించే. ఈమధ్య తెలిసినవాళ్ల యూనిట్‌కి వెళ్తే రికవరీ షెడ్డులో టోలీన్ డ్రమ్ములున్నాయి. వాటి మీద కొన్న టోలీన్ లేబులే ఉంది.

"ఇది ఏ బ్యాచ్ ఎమ్మెల్ నుంచి తీశారు?" అన్నాను. ఎమ్మెల్ అంటే మదర్ లిక్కర్, ప్రాడక్టు వేరుచేశాక మిగిలే ద్రవం.

"మూడు ప్రాడక్టులది కలిపేశాం సార్. జీసీ పరీక్షలో టోలీన్ 96 శాతం వచ్చింది."

"మిగతా నాలుగు?"

"మెథనాల్ ఉంటుంది సార్, తేమ ఉంటుంది, చిన్న పీకులు కొన్ని."

"ఆ చిన్న పీకుల్లో బెంజీన్ ఉందా?"

కుర్రవాడు చూస్తానన్నాడు. మంచి కుర్రవాడు, చూశాడు కూడా. కానీ అప్పటిదాకా అతన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. బెంజీన్ నూటికి 0.1 ఉంటే చాలు, మొత్తం డ్రమ్ము కేన్సర్ కారకం కేటగిరీ 1 కిందికి వెళ్లిపోతుంది. వెయ్యి పాళ్లలో ఒక పాలు. అదే నియమం టోలీన్‌కి తిరగేసి చూడండి: ఏ థిన్నర్‌లోనైనా టోలీన్ నూటికి 3 పాళ్లుంటే గర్భస్థ శిశువు హెచ్చరిక దానికీ వర్తిస్తుంది. మన వీధుల్లో పెయింటు షాపు థిన్నర్ డబ్బాల మీద ఆ ముక్క ఎక్కడైనా కనిపించిందా?

ఫ్లాష్ పాయింట్ కూడా పాళ్ల లెక్కన నడవదు. డీజిల్‌లో కాస్త పెట్రోలు కలిస్తే చాలు, ఫ్లాష్ పాయింట్ దబ్బున కిందికి పడిపోతుంది, ఎందుకంటే ముందు ఆవిరయ్యేది తేలికదే. రికవరీ సాల్వెంట్లోనూ అదే జరుగుతుంది. కొంచెం ఎసిటోన్ ఉన్న జైలీన్‌ని జైలీన్ అని రాసి కేటగిరీ 3 వరసలో పెట్టడం తప్పు. దాన్ని కప్పులో పోసి కొలవాల్సిందే. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న సాల్వెంట్ కారి, ఆవిరై, నిప్పంటుకుని 17 మంది పోయారు. సాల్వెంట్‌ని తేలిగ్గా తీసుకునే అలవాటు మన జిల్లాల్లో ఇంకా పోలేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

డేటా షీటు చేతికొస్తే ఇప్పుడు నేను చేసేది ఒకటే. రెండో సెక్షన్‌లో కేటగిరీ చూస్తాను, వెంటనే తొమ్మిదో సెక్షన్‌కి వెళ్లి ఫ్లాష్ పాయింట్, మరిగే స్థానం చూస్తాను. రెండూ పొసగని షీట్లు తరచూ దొరుకుతాయి. ఒకదాంట్లో ఫ్లాష్ పాయింట్ 26 అని ఉండి కేటగిరీ 2 వేసి ఉంటుంది. ఇంకోదాంట్లో ఏ పద్ధతిలో కొలిచారో, మూసిన కప్పా తెరిచిన కప్పా అన్నది కూడా ఉండదు. తెరిచిన కప్పులో కొలిస్తే అంకె ఎక్కువ వస్తుంది, సరుకు ఉన్నదానికన్నా మంచిదిగా కనిపిస్తుంది. మా రిజిస్టరులో ప్రతి అంకె పక్కన శాంపిల్ ఏ డ్రమ్ముది, ఏ కప్పు, బారోమీటరు ఎంత, తేదీ, కొలిచినవాడి సంతకం ఉండేవి. అంకె మీద అనుమానం వస్తే ఎవరిని పిలవాలో తెలిసేది. ఆ ఐదు గళ్లూ మీ రికవరీ డ్రమ్ము లేబుల్ మీద వేయించండి. ఏబెల్ కప్పు ఇప్పటికీ మార్కెట్లో దొరుకుతుంది.