ధీరోద్విగ్నుడు

అలంకారశాస్త్రం నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు తెగలుగా విభజించింది. కాకతీయుల కాలంనాటి విద్యానాథుడి ప్రతాపరుద్రీయంలోనూ ఈ విభాగమే కనిపిస్తుంది కాబట్టి తెలుగునేల మీద దీనికి ఏడు వందల ఏళ్ల ఆమోదం ఉన్నట్టే. అయితే ఆ లాక్షణికుల్లో ఎవరికీ డాలర్లలో జీతం తెచ్చుకునే నాయకుడు గాని, పెరటి మంచు మీద జారిపడే నాయిక గాని తారసపడకపోవడం వల్ల అయిదో తెగ ఒకటి గ్రంథస్థం కాకుండా మిగిలిపోయింది. పైకి నిబ్బరంగా కనిపించాలన్న పట్టుదలా, లోపల కాలు నిలవనివ్వని కంగారూ సమపాళ్లలో కలిసిన ఈ పురుషుణ్ణి ధీరోద్విగ్నుడు అనవచ్చు. పరాయిదేశంలో భార్యకు దెబ్బ తగిలిన క్షణాన ఇతడు ఆవిర్భవిస్తాడు. అన్ని జిల్లాల్లోనూ పుడతాడు గాని, ఈ వ్యాసకర్త దగ్గరగా పరిశీలించగలిగిన మచ్చు మాత్రం అనకాపల్లిది. బంధుత్వపు వివరాలు ఇక్కడ అప్రస్తుతం. ఊళ్లో ఉన్న తన పాత ఇంటి పన్ను రెండేళ్లుగా ఈ వ్యాసకర్త చేత కట్టిస్తూ ఆ డబ్బు ఇంతవరకు పంపలేదన్న ఒక్క సంగతి పాఠకులు దృష్టిలో ఉంచుకుంటే చాలు.

దేశంలో పేరుమోసిన బెల్లం మార్కెట్లలో ఒకటైన ఊళ్లో పుట్టి, 1913 నుంచి ఉన్న చెరకు పరిశోధన స్థానం మీదుగా సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్లినవాడికి నేల గురించి ఒక నమ్మకం ఏర్పడుతుంది. పాకం ఒలికిన నేల కాలిని పట్టుకుంటుందే గాని జార్చదు. న్యూజెర్సీ నేలకు ఆ మర్యాద తెలియదు. అక్కడ జనవరిలో నల్ల మంచు అనేది ఏర్పడుతుంది. పేరుకే నల్లన, నిజానికి కరిగిన మంచునీరు రాత్రికి రాత్రి గాజుపలకలా గడ్డకట్టి, కింది తారు రంగు పైకి కనిపించడం వల్ల దానికా పేరు వచ్చింది. అలాంటి ఒక ఉదయాన నాయిక చెత్తడబ్బాను వీధి అంచుదాకా లాక్కుపోతూ జారిపడి చీలమండ చిట్లించుకుంటుంది. ఆ వారం డబ్బా బయటపెట్టే వంతు ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ లేస్తుంది గాని, దాన్ని తరువాత చూడవచ్చు. నాయకుడు కూడా తరువాత చూద్దామనే అంటాడు.

ఉద్విగ్నుడి తొలి లక్షణం అంబులెన్సు భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనం పైసా అడగకుండా ఎక్కించుకుంటుంది కాబట్టి, అమెరికాలో 911కి ఫోను చేస్తే వచ్చే బండి తరువాత బిల్లు పంపుతుందన్న విషయం ఇతడికి మింగుడుపడదు. ఆకస్మిక బిల్లుల నుంచి రోగులను కాపాడటానికి 2022 జనవరి 1న అమలులోకి వచ్చిన చట్టం కూడా నేలమీద నడిచే అంబులెన్సును వదిలిపెట్టిందని ఇతడు ఆఫీసులో ఎవరి దగ్గరో విని ఉంటాడు. అందువల్ల భార్యను తలగడల మధ్య మామిడిపండులా పేర్చి సొంత కారులోనే తీసుకుపోతాడు. బీమా కార్డు వెతకడానికి పట్టిన పావుగంటలో అంబులెన్సు రెండుసార్లు వచ్చి వెళ్లగలిగేదన్నది వేరే సంగతి. ఆస్పత్రి కౌంటరు దగ్గరికి చేరగానే ఇతడు పలికే మొదటి వాక్యం శాస్త్రీయంగా గమనించదగినది: మాకు కాలు విరిగింది. తెలుగులో నిర్దోషమైన ఈ బహువచనాన్ని ఇంగ్లీషులోకి అలాగే దించడంతో, ఎదుటి ఉద్యోగిని ఇద్దరి కాళ్లనూ మార్చి మార్చి చూస్తుంది.

ఆ వెంటనే ఇతడు క్రెడిట్ కార్డు ముందుకు చాపుతాడు. అడ్వాన్సు కట్టనిదే స్ట్రెచర్ కదలదన్న స్వదేశానుభవం అలాంటిది. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బు ఊసు లేకుండా ముందు పరీక్షించాలని, ప్రాణాపాయం ఉంటే నిలకడకు తేవాలని 1986లో ఆ దేశపు కాంగ్రెసు చట్టం చేసింది కాబట్టి కౌంటరులో కార్డు పుచ్చుకోవడానికి తొందర ఎవరికీ ఉండదు. ఇది చూసి సంతోషించవలసినవాడు అనుమానంలో పడతాడు. అడగకుండా వైద్యం చేస్తున్నారంటే అడిగేటప్పుడు ఎంత అడుగుతారో అన్న చింత అతణ్ణి రోజంతా వదలదు. ఈ ఒక్క విషయంలో అతని అంచనా తప్పని చెప్పడానికి వీల్లేదు.

ఎమర్జెన్సీలో రోగులను వచ్చిన వరసలో కాకుండా అవసరం తీవ్రతను బట్టి చూడటాన్ని ట్రయాజ్ అంటారు. అమెరికా ఆస్పత్రుల్లో వాడుకలో ఉన్న పద్ధతిలో మెట్లు అయిదు. ఒకటో మెట్టు ప్రాణం పోయేదశ, అయిదో మెట్టు ఇంటికి వెళ్లి మర్నాడు వచ్చినా పర్వాలేదన్న దశ. చీలమండ సాధారణంగా నాలుగో మెట్టు మీద కూర్చుంటుంది. అయితే మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని రంగును బట్టి బెల్లానికి ధర కట్టే ఊరివాడికి నాలుగో రకం అన్నమాట చెవిన పడితే ఎలా ఉంటుందో ఊహించవలసిందే. మార్కెట్టులో నాలుగో రకమే లేదు. తన భార్యను మొదటి రకంలో వేయించడానికి అతడు కౌంటరు దగ్గరికి మూడుసార్లు వెళ్తాడు, మొదటి రకం అంటే ఏమిటో మూడోసారి వివరంగా విని, నాలుగే ఖాయం చేయమని ప్రాధేయపడి తిరిగివస్తాడు.

నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత అని నర్సు అడిగినప్పుడు జరిగే తగవు భాషాశాస్త్రానికి సంబంధించినది. తెలుగులో నొప్పికి అంకెలు లేవు, జాతులున్నాయి. సలుపు వేరు, పోటు వేరు. పీకడం, లాగడం, మండటం, జివ్వుమనడం దేనికదే. రోజూ ఆఫీసులో ఇంగ్లీషే మాట్లాడే నాయికకు సైతం ఎముక విరిగిన పూట తెలుగే వస్తుంది కాబట్టి ఆవిడ సలుపుతోంది అంటుంది. ఈ ఒక్క క్రియను భర్త ఎనిమిదిగా అనువదిస్తాడు. ఆవిడకు ఆ అంకె అర్థమై, రెండు కాన్పులు పడ్డ మనిషిగా నాలుగు చాలునంటుంది. ఆయన తొమ్మిదికి పెంచుతాడు. ఓక్లహోమా రాష్ట్రంలో డోనా వాంగ్, కానీ బేకర్ అనే ఇద్దరు 1983లో పిల్లల కోసం రూపొందించిన ఆరు ముఖాల బొమ్మను నర్సు చివరికి బయటికి తీస్తుంది. నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా వరసగా ఉండే ఆ బొమ్మలో భార్య మధ్య ముఖం మీద వేలు పెడుతుంది, కొసనున్న ముఖం భర్తది.

రోగి వివరాల గోప్యతకు 1996లో వచ్చిన చట్టం ఒకటుంది. దాని పుణ్యమా అని డాక్టరు వచ్చి, మీ ఆయన ముందు మాట్లాడవచ్చా అని భార్యను అడుగుతాడు. ఇరవై ఏళ్లుగా ఆవిడ తరఫున ఫారాలన్నీ నింపుతున్నవాడికి ఇది ఒక చిన్న భూకంపం. పెద్దది ఇంకా వెనక ఉంది. ఇంట్లో ఎవరైనా కొట్టి ఉంటారేమో అన్న శంకతో, దెబ్బతో వచ్చిన స్త్రీని ఒంటరిగా ఉంచి మీకు ఇంట్లో భద్రంగా ఉందా అని అడగడం అక్కడి అనేక ఆస్పత్రుల్లో మామూలు. అందుకోసం భర్తను కాసేపు బయట నిలబెడతారు. తలుపు అవతల నిలబడ్డ ఆ మూడు నిమిషాల్లో నాయకుడికి పెళ్లినాటి నుంచి తాను విసుక్కున్న సందర్భాలన్నీ తిథివార నక్షత్రాలతో సహా గుర్తుకొస్తాయి. లోపల ఆవిడ భద్రతకు లోటేమీ లేదని, ఆయన వంటగదిలో అడుగుపెట్టనంత కాలం ఉండబోదని చెబుతుంది.

తరువాతిది ఎక్స్‌రే. మనిషి లోపలి ఎముకను తీసిన తొలి చిత్రాల్లో ప్రసిద్ధమైనది 1895 డిసెంబరు 22న రాంట్‌గెన్ తన భార్య చేతిని తీసినది, ఉంగరంతో సహా. భార్య ఎముకను చూసి బెంబేలెత్తే భర్తల పరంపరకు ఆయనే మూలపురుషుడై ఉండాలి. అయితే ఆయనకు వాట్సాప్ లేదు. ఉద్విగ్నుడు ఆ చిత్రాన్ని ఫోనుతో ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెడతాడు. చలికాలంలో రెండు చోట్లకూ పదిన్నర గంటల తేడా కాబట్టి న్యూజెర్సీలో మధ్యాహ్నం రెండింటికి అనకాపల్లిలో అర్ధరాత్రి పన్నెండున్నర అవుతుంది, అయినా ఒక్కరూ నిద్రపోరు. ఏటయ్యిందమ్మా అని అత్తగారు ఏడుస్తుంది. ఎముకను తలకిందులుగా చూస్తున్న పెదమావయ్య రెండు చోట్ల విరిగిందంటాడు. రాయలసీమలోని పుత్తూరులో ఆకు పసరు, గుడ్డు తెల్లసొన పట్టించి వెదురు బద్దలతో కట్టే కట్టుకు మించిన వైద్యం లేదని, వీలైతే రేపే విమానం ఎక్కించమని ఒకరు సలహా ఇస్తారు. సంస్కృత వైద్యగ్రంథాల్లో అస్థిశృంఖల అని పేరున్న నల్లేరు పచ్చడి పంపుతామని మరొకరు, మేకకాళ్ల చారు పెట్టమని ఇంకొకరు. అత్తగారు అప్పటికే కొత్త అమావాస్యకు నూకాలమ్మకు మొక్కేసుకుంటుంది. అక్కడ ఆర్థోపెడిక్ డాక్టరు వచ్చి చూసింది రెండు నిమిషాలు. ఇక్కడి సంప్రదింపు తెల్లవారుజాము దాకా సాగుతుంది.

ఇంత జరిగాక రోగిని ఆస్పత్రిలో చేర్చుకోరు. అట్టలాంటి కట్టు కట్టి, చంకకర్రలు చేతికిచ్చి, వచ్చే వారం రమ్మని అదే సాయంత్రం పంపేస్తారు. కాలు విరిగితే కనీసం వారం రోజుల మంచం, బత్తాయిలతో వచ్చేవాళ్లు, క్యారియరులో అన్నం, వార్డులో అవతలి మంచం వాళ్లతో చుట్టరికం, ఇవన్నీ ఆశించినవాడికి ఇది మర్యాద తక్కువగా తోస్తుంది.

మిగిలిన మర్యాద తపాలాలో వస్తుంది. ఆస్పత్రిది ఒకటి, డాక్టరుది వేరొకటి, ఎక్స్‌రే చదివిన, మొహమైనా చూపించని మరో డాక్టరుది ఇంకొకటి. వీటన్నిటికంటే ముందు బీమా కంపెనీ పంపే వివరణపత్రం చేరుతుంది, దాని నెత్తిన ఇది బిల్లు కాదు అని రాసి ఉంటుంది, అంకెలన్నీ బిల్లులాగే ఉంటాయి. ఏడాదిలో ఇంత మొత్తం దాకా రోగే భరించాలి, ఆ పైనే బీమా కదులుతుంది అన్న నియమాన్ని డిడక్టిబుల్ అంటారు. చాలా పాలసీల్లో ఈ లెక్క జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఉద్విగ్నుడు డాలర్లను రూపాయల్లోకి, రూపాయలను అనకాపల్లి స్థలం గజాల్లోకి మార్చి, చీలమండకు ఎన్ని గజాలు పోయాయో లెక్కగట్టి, పోయిన ఏడాది డిడక్టిబుల్ ఎప్పుడో నిండిపోయిందని గుర్తొచ్చి, అదే డిసెంబరులో పడి ఉంటే బావుండేదని పైకి అనేస్తాడు. తరువాతి రెండు రోజులు ఆ ఇంట్లో చంకకర్రల చప్పుడు తప్ప మరొకటి వినబడదు.

అయినా ఆ ఆరు వారాలు అతడు చేసిన చాకిరీని కాదనడం అన్యాయం. చారులో ఉప్పు రెండుసార్లు వేసినా రోజూ కాచాడు. మడిచిన మోకాలిని ఆనించుకుని రెండో కాలితో తన్నుకుంటూ పోయే చక్రాల బండిని అద్దెకు తెచ్చి, భద్రంగా ఉందో లేదో చూడాలన్న నెపంతో హాలంతా తానే ముందు తిరిగాడు. రాత్రి మూడింటికి లేచి ఆవిడ కాలి వేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో తడిమి చూసి పడుకునేవాడని ఆవిడే చెప్పింది, నిద్రపోతున్నట్టు నటించానని కూడా. ఈ ఘట్టం దగ్గర శాస్త్రీయ నిష్పాక్షికత కొంత సడలుతుంది. ఈ వ్యాసకర్త సైతం మూడేళ్ల కిందట విశాఖలో భార్యకు కంటి ఆపరేషన్ జరుగుతున్నంతసేపు వరండాలో నిలబడి, గోడ మీది ధరల పట్టికను ఆసాంతం కంఠస్థం చేసి, తీరా నర్సు వచ్చి పేషెంటు పేరడిగితే తన పేరు చెప్పిన ఘనుడు. అయిదో తెగలో ఎవరెవరు చేరతారన్నది పాఠకులకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

మరుసటి ఏడు వాళ్లు అనకాపల్లి వచ్చినప్పుడు మొక్కు తీరింది. ఇంటి పన్ను తీరలేదు. నాయకుడు కుర్చీలో వెనక్కి వాలి, మాకు కాలు విరిగినప్పుడు అని మొదలుపెట్టి, కారు, కౌంటరు, నాలుగో రకం, ఆరు ముఖాల బొమ్మ మీదుగా ముప్పావుగంట చెప్పుకుపోయాడు. అంతసేపూ ఆవిడ ఆ కాలి మీదే నిలబడి అందరికీ కాఫీ అందించి, కథ పూర్తయ్యాక ఖాళీ గ్లాసులు ట్రేలో పేర్చుకుంటూ, ఆ మంగళవారం డబ్బా వంతు ఎవరిదో కూడా చెప్పండి అన్నది.