కోటి కట్టండి, క్యూలో నిలబడండి

వచ్చే పదిహేను, ఇరవై ఏళ్లలో మన దేశానికి 30,000 మంది పైలట్లు కావాలని పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025లో అన్నారు. ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాల కొనుగోలు ప్రకటించింది, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డరు పెట్టింది. అవన్నీ దిగితే నడిపే మనుషులు కావాలి గదా! అయితే మంత్రిగారి అంకె ఇప్పుడు పైలట్ శిక్షణ అమ్మేవాళ్ల చేతిలో పడింది. ఏ సెమినారుకు వెళ్లినా మొదటి స్లైడు అదే. ముప్పై వేలమందిలో మనవాడొక్కడికి చోటుండదా అని ముందు వరసలో కూర్చున్న తండ్రి అక్కడికక్కడే సగం ఒప్పేసుకుంటాడు.

రెండో స్లైడు వేయరు. వేస్తే అందులో ఉండాల్సిన లెక్కలు ఇవి: 2022లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1,165 కమర్షియల్ పైలట్ లైసెన్సులు ఇచ్చింది. 2023లో 1,622 ఇచ్చింది, అప్పటికి అదే రికార్డు. లైసెన్సు చేతికొచ్చినవాళ్లందరూ విమానమెక్కేశారా అంటే, లేదు. ఏళ్ల తరబడి విమానయాన సంస్థల నుంచి ఒక్క పిలుపూ రాక, కోచింగ్ సెంటర్లలో వాతావరణశాస్త్రం చెబుతూనో, నాన్నగారి దుకాణంలో కూర్చునో కాలక్షేపం చేస్తున్న లైసెన్సుదారులు ఊరూరా ఉన్నారు. అసలు కటకట కెప్టెన్లకు. ఎడమవైపు కెప్టెన్ సీటులో కూర్చోవాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సు ఉండాలి, దానికి 1,500 గంటలు ఎగిరి ఉండాలి. కొత్త కుర్రాడి దగ్గరుండేవి 200 గంటలు. కెప్టెన్ల కొరత చూపించి కుర్రాళ్లకు సీట్లు అమ్మడం ఎంత తెలివైన పనో చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

ఈ సందులో పుట్టి పెరిగిందే క్యాడెట్ పైలట్ ప్రోగ్రామ్. బ్రోషరు మీద విమానయాన సంస్థ లోగో ఉంటుంది. నాలుగు గీతల భుజకీర్తులు పెట్టుకుని నవ్వుతున్న కెప్టెన్ ఫొటో ఉంటుంది. లోపలికి వెళ్తే శిక్షణ ఇచ్చేది ఇంకో సంస్థ, అప్పు ఇచ్చేది బ్యాంకు, తీర్చేది నాన్న. విమానయాన సంస్థ పెట్టుబడి ఒక ఎంపిక పరీక్ష, ఒక ఇంటర్వ్యూ, ఒక ఉత్తరం. మొత్తం ఖర్చు కోటి రూపాయలు దాటుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత ఎవరు కట్టారోగానీ, విమానాలు పుట్టకముందే కట్టేశారు.

హైదరాబాద్‌లో ప్రీ-లాంచ్ ఫ్లాటు కొన్నవాళ్లకు ఈ వ్యాపారం సులువుగా అర్థమవుతుంది. ఇంకా పర్మిషన్లు రాలేదు, పునాది తీయలేదు, కానీ పదిహేడో అంతస్తులో తూర్పు బాల్కనీ మీదే. డబ్బు మాత్రం ఇప్పుడే, మొత్తం ఒకేసారి. కట్టడం ఆలస్యమైతే మార్కెట్ బాగాలేదంటారు, కట్టకపోతే ఫోనెత్తరు. క్యాడెట్ కుర్రాడికి బాల్కనీ బదులు కాక్‌పిట్ చూపిస్తారు. ఒక్క తేడా ఉంది. ఫ్లాటు అమ్మినవాడి మీద రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాకు వెళ్లొచ్చు.

ఇలాంటి సెమినార్లు ఎక్కువగా ఆదివారం ఉదయాలే, ఏదో ఒక హోటల్ హాల్లో జరుగుతాయి. ఇడ్లీ, వడ, ఫిల్టర్ కాఫీ ఉచితం. అక్కడ వినిపించే సంభాషణ ఊరు మారినా మారదు.

"ఉద్యోగం గ్యారంటీయే గదా బాబూ?" అంటాడు నర్సరావుపేట నుంచో, మిర్యాలగూడ నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తండ్రి.

"గ్యారంటీ అనే మాట మేం వాడమండీ అంకుల్. లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇస్తారు."

"అంటే ఉద్యోగం ఇస్తామనేగా?"

"ఇచ్చే ఉద్దేశం ఉందని అంకుల్. ఆ టైముకి ఖాళీలుంటే, కంపెనీ అవసరాన్ని బట్టి, బాబు అన్ని స్టేజీలూ పాసైతే..."

పక్కన కూర్చున్న తల్లి అప్పటికే కొడుకుని 'మా కెప్టెన్' అని పిలవడం మొదలుపెట్టింది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ ఉత్తరాన్ని నిదానంగా చదివితే తెలుస్తుంది, అందులో 'చేస్తాం' అనేవన్నీ కుటుంబం వైపు, 'చేయవచ్చు' అనేవన్నీ కంపెనీ వైపు ఉంటాయని. పొలం పాసుపుస్తకం మాత్రం బ్యాంకులో ఏ షరతులూ లేకుండానే కుదువ పడుతుంది.

కోటి రూపాయల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు కట్టాల్సింది లక్షా 37 వేల పైచిలుకు. పదేళ్లలో బ్యాంకుకు చేరేది కోటీ 65 లక్షలు. శిక్షణ సాగుతున్నన్నాళ్లూ జీతం ఉండదు, ఆ కాలపు వడ్డీ అసలులో కలిసి పెరుగుతుంది. కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. ఈ ఒక్క విద్యా కోటి కొరకే.

మరి ఆ కోటికి దొరికేదేమిటి? డీజీసీఏ నిబంధన అందరికీ ఒక్కటే. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా తనదే అయి ఉండాలి. 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ ఒకటి చేయాలి, రాత్రిపూట ఎగరాలి. నావిగేషన్, మీటియరాలజీ, రెగ్యులేషన్స్ పరీక్షలు పాసవ్వాలి. సెస్నా 172 ఉన్న ఏ ఫ్లయింగ్ స్కూలుకైనా తెల్లవారుజామున వెళ్లి చూడండి. విద్యార్థి రెక్క కింద వంగి, ఒక చిన్న పారదర్శక గొట్టంలోకి కాస్త ఇంధనం పట్టి, వెలుతురుకెత్తి చూస్తాడు. ఏవ్‌గ్యాస్ అనే ఆ ఇంధనం లేత నీలంగా కనిపించాలి. నీళ్లు కలిసి ఉంటే అడుగున వేరుగా పేరుకుంటాయి, అవి పోయేదాకా మళ్లీ మళ్లీ పట్టాలి. తర్వాత ఆయిల్ కొలత పుల్ల బయటికి లాగి, తుడిచి, ముంచి చూస్తాడు. రెక్క చివర దాకా వేళ్లతో తడుముతూ నడుస్తాడు. 1955లో మొదటిసారి ఎగిరిన ఆ విమానానికి, తన రెక్క కింద వంగినవాడు కోటి కట్టి వచ్చాడో యాభై లక్షలు కట్టి వచ్చాడో తెలియదు. చివర్లో డీజీసీఏ ఇచ్చే లైసెన్సు మీద కూడా ఆ వివరం రాయరు.

విడిగా స్కూల్లో చేరి కమర్షియల్ లైసెన్సు తెచ్చుకుంటే దాదాపు యాభై లక్షలు, ఎ320 నడపడానికి కావాల్సిన టైప్ రేటింగుకు మరో పదిహేను, ఇరవై లక్షలు అవుతాయి. క్యాడెట్ దారిలో దానిపైన పడే ముప్పై, నలభై లక్షలు ఎందుకంటే క్యూలో చోటు కోసం. ఆ క్యూ ఎప్పుడు కదులుతుందో, అసలు కదులుతుందో లేదో ఏ కాగితంలోనూ ఉండదు.

పాత దారిని ఈ సెమినార్లలో నాటు పద్ధతిలా చెబుతారు. 'సిస్టమాటిక్ కాదు', 'ఎయిర్‌లైన్ కల్చర్ రాదు' అంటూ పెదవి విరుస్తారు. ఆ నాటు పద్ధతిలో వచ్చినవాళ్లెవరో ఓసారి చూడాలి. 1929 ఫిబ్రవరిలో దేశంలో మొదటి పైలట్ లైసెన్సు అందుకున్న జేఆర్డీ టాటా బొంబాయి ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకున్నారు. అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని 1947లో కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌ను ఆడపిల్ల అని ఒక్కో సంస్థా తిప్పి పంపిస్తే, కో-పైలట్‌గా తీసుకున్నది హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట నుంచి నడిచిన ఆ సంస్థే దేశపు మొదటి మహిళా కమర్షియల్ పైలట్‌కు కాక్‌పిట్ తలుపు తీసింది. 1949లో ఆవిడ జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఆవ్రో విమానాలు నడిపిన రాజీవ్ గాంధీ ప్రధాని అయ్యాకే, ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ మొదలైంది. వీళ్లెవరికీ ఎయిర్‌లైన్ కల్చర్ అబ్బలేదని ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

అలాగని పాత దారి పూలబాటేమీ కాదు. 2011లో గోవాలో ఒక విమానం ముందు చక్రం మీద దిగితే, ఆరా తీయగా ఆ పైలట్ మార్కుల జాబితాలే నకిలీవని తేలింది. దాంతో తుట్టె కదిలింది. ఎగరని గంటలు ఎగిరినట్టు లాగ్‌బుక్కుల్లో రాయించుకున్న వ్యవహారాలు రాజస్థాన్‌లో బయటపడ్డాయి, అరెస్టులు జరిగాయి. విమానం చెడిపోయిందని, బోధకుడు మానేశాడని, పొగమంచని, ఇంధనం లేదని ఏడాదిన్నర కోర్సును మూడేళ్లు సాగదీసే స్కూళ్లకు ఈ దేశంలో కొదవ లేదు. 2025లో డీజీసీఏ తొలిసారి శిక్షణ సంస్థలకు ర్యాంకులిస్తే ఒక్కదానికీ ఎ గ్రేడు దక్కలేదు. అందరూ బి, సి బెంచీల మీదే కూర్చున్నారు. ఈ పరిస్థితిలో, గడువు ప్రకారం సాగే కోర్సు, మంచి సిమ్యులేటర్, ఎంపికలోనే వడపోత, ఇవన్నీ ఒకచోట దొరకడం చిన్న విషయం కాదు. క్యాడెట్ ప్రోగ్రాముకు ఆ మార్కులు వేయాల్సిందే.

కానీ సి బెంచీ స్కూళ్లను చూపించి తన సరుకు ధర పెంచుకునే దుకాణం, ఆ స్కూళ్లు బాగుపడాలని ఎందుకు కోరుకుంటుంది?

ఇంతకీ విమానయాన సంస్థ మాట ఎంతకాలం నిలుస్తుంది? కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో నేలకు దిగి మళ్లీ లేవలేదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17 రాత్రి ఆఖరి సర్వీసు నడిపింది. గో ఫస్ట్ 2023 మే నెలలో దివాలా పిటిషన్ వేసింది. మూతపడే వారం ముందు దాకా ఏ సంస్థ అయినా ప్రకటనల్లో మెరుస్తూనే ఉంటుంది. అనుభవమున్న కెప్టెన్లు ఎలాగోలా వేరే సంస్థలకో గల్ఫ్‌కో ఎగిరిపోతారు. బ్యాంకుకు ఈఎంఐ మొదలైన క్యాడెట్‌కు మిగిలేది లోగో ఉన్న ఉత్తరం. ఆ లోగో అప్పటికి లిక్విడేటర్ ఆస్తి.

నష్టం ఎవరు మోయాలన్న దానికి లోకంలో వేరే జవాబులూ ఉన్నాయి. జపాన్‌లో జాల్, ఆనా విమానయాన సంస్థలు డిగ్రీ పూర్తయినవాళ్లను ముందే ఉద్యోగులుగా చేర్చుకుని, జీతమిచ్చి, తమ ఖర్చుతో పైలట్లను చేస్తాయి. జాల్ 2010లో దివాలా తీసినప్పుడు శిక్షణలో ఉన్నవాళ్లను నేల మీది ఉద్యోగాలకు మార్చింది. కల చెదిరిందిగానీ తండ్రి పొలం వేలానికి రాలేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ పూర్వీకులైన రెండు సంస్థలు 1960లో హాంబుల్‌లో సొంత కళాశాల పెట్టి పైలట్లను తయారుచేసుకున్నాయి. తర్వాత ఒక దశలో ఖర్చు కుర్రాళ్ల నెత్తినే పెట్టి, డబ్బున్న ఇంటి పిల్లలు తప్ప ఎవరూ రావడం లేదని తెలిశాక, 2023లో అదే బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏటా 60 మంది దాకా అభ్యర్థుల శిక్షణ ఖర్చు, మనిషికి దాదాపు లక్ష పౌండ్లు, తనే భరించే పథకం తెచ్చింది. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ సెమినార్ హోటల్‌కు గంట ప్రయాణంలో దుండిగల్ ఉంది. వాయుసేన అకాడమీలో ఎగరడం నేర్చుకునే కుర్రాడి దగ్గర సర్కారు పైసా తీసుకోదు, తిరిగి స్టైపెండు ఇస్తుంది. బదులుగా ఏళ్ల సర్వీసు అడుగుతుంది. అవసరం ఎవరిదో ఖర్చు వాళ్లదన్న లెక్క అక్కడ నడుస్తూనే ఉంది.

ఇక్కడి సంస్థలు అవసరాన్ని ఎలా లెక్కపెడతాయో 2025 డిసెంబరులో దేశమంతా చూసింది. పైలట్ల విశ్రాంతిని పెంచి, రాత్రి డ్యూటీలకు పరిమితి పెట్టే నిబంధనలు వస్తున్నాయని ఎప్పటినుంచో తెలిసీ, అమల్లోకొచ్చాక సరిపడా సిబ్బంది లేరని ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది. శంషాబాద్ సహా విమానాశ్రయాల్లో జనం సూట్‌కేసుల మీద పడుకున్నారు. చివరికి ఆ నిబంధనల్లో కొన్నిటికి కొన్నాళ్లు మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. మూడు నెలల తర్వాత రోస్టరులో ఎంతమంది కావాలో సరిగా చెప్పలేకపోయిన పరిశ్రమ, రెండేళ్ల తర్వాత మీ అబ్బాయికి ఖాళీ ఉంటుందని చెబితే నమ్మి సంతకం పెట్టాలట.

నమ్మకం నిజంగా ఉంటే చేయాల్సిన పని చిన్నదే. శిక్షణ పూర్తయిన ఆరు నెలల్లో ఉద్యోగం ఇవ్వకపోతే ఆ తర్వాతి ఈఎంఐలు కంపెనీయే కడుతుందని ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చాలి. ముప్పై వేల పైలట్ల కొరత ఉన్న దేశంలో అలాంటి హామీ ఇవ్వడం వల్ల పైసా నష్టం రాదు గదా. ఈ మాట సెమినార్‌లో ఎవరైనా అడిగి చూడొచ్చు. "మంచి ప్రశ్న అంకుల్, లీగల్ టీమ్‌తో మాట్లాడి చెప్తాం" అంటారు. అడ్మిషన్ ఫీజు రసీదు మాత్రం అప్పటికప్పుడే ఇస్తారు.