పురుగుల పాయసం

ఇటలీ వంటల పేర్లను మక్కికి మక్కి ఇంగ్లీషులోకి దించిన మెనూ ఎప్పుడైనా చదివారా? లింగ్వినే అంటే చిన్న నాలుకలు. ఒరెక్కియెట్టె అంటే చిట్టి చెవులు. స్ట్రొత్సాప్రేతి అంటే పాదిరీల పీక నొక్కేవి. అక్వా పాత్సా అనే చేపల కూర పేరు పిచ్చి నీళ్లు. అది మెనూనా, ఎఫ్ఐఆరా?

మరీ నవ్వకండి. మన సేమియా ప్యాకెట్ మీద ఇంగ్లీషులో వర్మిసెల్లి అని ఉంటుంది. ఇటాలియన్‌లో ఆ మాటకు చిన్న పురుగులని అర్థం. వియ్యాలవారు మారు వడ్డించుకుని మరీ తాగే పాయసం దాంతోనే.

పేర్ల జోలికి పోకుండా ఇంగ్లీషువాళ్లు చాలావాటిని అలాగే వాడేసుకున్నారు, తెలివైన పని. చిక్కల్లా పొయ్యి దగ్గర. సోఫ్రిత్తో అంటే ఉల్లి, క్యారెట్, సెలెరీ సన్నగా తరిగి, నూనెలో సన్న సెగ మీద మెత్తబడనివ్వడం. దీనికి ఇంగ్లీషు వంట పుస్తకాలు ఉల్లిపాయను ‘స్వెట్’ చెయ్యమంటాయి, అంటే చెమట పట్టించమని! నేనది పైకి చదివితే మా ఆవిడ, “వంటింట్లో చెమట పట్టేది ఉల్లిపాయకి కాదండీ, నాకు. మగ్గనివ్వమని రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?” అంది. ఆ భాషలో మగ్గడం లేదు మరి, ఏం చేస్తారు పాపం!

మార్సెల్లా హజాన్ ఈ బాధ ఎరిగిన మనిషి. అమెరికాకు ఇటలీ వంట నేర్పిన ఈవిడ రాసుకునేది ఇటాలియన్‌లో, ఇంగ్లీషు చేసేది భర్త విక్టర్. తొలి పుస్తకం 1973లో వచ్చింది. ఆవిడ టమాటా సాస్ లోకప్రసిద్ధం: టమాటాలు, 5 టేబుల్ స్పూన్ల వెన్న, రెండు చెక్కలుగా కోసిన ఉల్లిపాయ, ఉప్పు. 45 నిమిషాలు ఉడికించి, ఉల్లిపాయ తీసి పారెయ్యడమే. భార్య వంటను వంక పెట్టకుండా పుస్తకం నిండా రాసిన భర్తగా విక్టర్‌కు నా నమస్కారం.

ఇటలీ వంటకాల్లో ఉప్పు పక్కన క్యు.బి. అని రెండే అక్షరాలుంటాయి. క్వాంతో బాస్తా, ఎంత చాలితే అంత. దాన్ని పట్టుకుని ఇంగ్లీషు అనువాదకుడు పావు స్పూనా, అర స్పూనా అని తల పట్టుకుంటాడు. మన పుస్తకాల్లో ‘ఉప్పు తగినంత’ అని ఏనాటి నుంచో ఉంది. ఇటలీ వంట నేరుగా తెలుగులోకి రావాలి, మధ్యలో ఇంగ్లీషు దండగ.

ఇంగ్లీషు దారిన ఇటాలియన్ నేర్చి ఇటలీ వెళ్లేవారికి ఒక మాట. అక్కడ ఉత్త ‘లాటే’ అడిగితే గ్లాసుడు పాలిస్తారు. పెప్పరోనీ పిజ్జా అడిగితే క్యాప్సికం ముక్కలేసి తెస్తారు. శాకాహారులు మాత్రం నిక్షేపంగా అడగొచ్చు.